దానమ్మ చెయ్యి పెట్టి చూడని బస్తా

దానమ్మ చేతికి ఒక పేరుండేది. ఆ రోజుల్లో తెనాలి మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళనెవరినైనా అడగండి, చెబుతారు. కళ్ళకు గుడ్డ కట్టి గోనెలో చెయ్యి పెట్టిస్తే అందులో ఉన్నది ఊకో, తవుడో, నూకో, పిండో, చెయ్యి బయటికి తియ్యకుండానే చెప్పేది. ఊక గుచ్చుకుంటుంది. తవుడులో నూనె ఉంటుంది కనక పిడికిలి పట్టి వదిలితే ముద్దగా నిలబడుతుంది. పిండి వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. పదిహేనో ఏట మిల్లు హమాలీకి పెళ్ళాంగా తెనాలి వచ్చి, ఇరవై ఏళ్ళు ఆ మిల్లు వసారాలో చేట పట్టుకుని కూర్చుంటే అబ్బిన విద్య అది. అంత పేరున్న చెయ్యి ఒకే ఒక్కరోజు పెట్టవలసిన గోనెలో పెట్టలేదు. దానికి ఆవిడ ఏం చెల్లించిందో చెబుతాను.

పుట్టింది కర్లపాలెం దగ్గర పల్లెలో. అక్కడి మిషను బడిలో నాలుగో తరగతి చదువుతుండగా తల్లి వచ్చి పంతులుగారికి దణ్ణం పెట్టి, కోతలయ్యేదాకా పిల్లని పొలానికి తీసుకుపోతానంది. పంతులుగారు సరేనన్నారు. కోతలయ్యాక కుప్పనూర్పులు వచ్చాయి, వాటి వెనకే మినుము తీత, ఆ తరవాత నాట్లు, మళ్ళీ కోతలు. పలక మీద సగం రాసిన పన్నెండో ఎక్కాన్ని చెరపకుండా దానమ్మ పలకను చూరులో దోపి ఉంచింది. తొలకరికి ఇల్లు కురిసి ఆ ఎక్కం దానంతటదే చెరిగిపోయింది. ఎవరూ ఆవిణ్ణి బడి మానమని చెప్పలేదు, గుర్తుంచుకోండి. కోతలయ్యేదాకా అన్నారు, అంతే.

భర్త బస్తా మీదపడి నడుము విరిగి మూడేళ్ళు మంచాన ఉండి కన్నుమూశాడు. అప్పుడు పదేళ్ళ కూతురు ప్రేమకుమారిని వెంటబెట్టుకుని దానమ్మ రేపల్లె వచ్చింది. అక్కడ లూథరన్‌ సంఘం వాళ్ళు నడిపే ఆడపిల్లల చిన్న బోర్డింగులో వంటమనిషి కావాలన్నారు. జీతం సంగతి తరవాత, ముందు మా పిల్లని బళ్ళో వేసుకుంటారా అని అడిగిందట. వేసుకుంటామన్నారు. ఆ మాట మీద ఆవిడ కొంగు నడుముకు దోపి వంటింట్లోకి నడిచింది. అది పందొమ్మిది వందల అరవై.

అరవై ఏడు జనవరి నాటికి ప్రేమకుమారి పదకొండో తరగతికి వచ్చింది. మార్చి నెలాఖరున పబ్లిక్‌ పరీక్షలు. ఆ ఏడు బోర్డింగులో ఉన్నది ఆ తరగతి పిల్లలే, ఇరవై ఇద్దరు. అందరూ కూలి చేసుకునేవాళ్ళ బిడ్డలే. కాకుమాను నుంచి, నిజాంపట్నం వైపు నుంచి, లంకల నుంచి వచ్చినవాళ్ళు. ఏటా పండగ సెలవుల నుంచి తిరిగొస్తూ తలా ఒక మూట బియ్యం తెచ్చేవారు. ఆ ఏడు మూటలు రాలేదు. బియ్యం ధర మండిపోతోంది, రేషను కొట్టు దగ్గర తెల్లారేసరికి వరస. బోర్డింగుకి వచ్చే రేషను బియ్యం రోజుకి ఒక పూటకు సరిపోతాయి. రెండో పూటకని సంఘం పెద్దలు ఎక్కడెక్కడో రాసి, అమెరికా నుంచి ఓడ మీద వచ్చిన గోధుమలు ఆరు బస్తాలు తెప్పించారు.

గోధుమలు రావడమైతే వచ్చాయి, వాటినేం చెయ్యాలో ఎవరికీ తెలీదు. మన వైపు వాళ్ళకు గోధుమ అంటే హోటల్లో రవ్వ ఉప్మా, జబ్బు చేసినవాడికి డాక్టరు చెప్పే రొట్టె. గింజని గింజగా చూసినవాళ్ళు తక్కువ. వార్డెను సుందరమ్మగారు బస్తా విప్పి గుప్పెడు తీసి చూసి, ఇదేంటి దానమ్మా, దీన్ని వండేదెలా అని దిగులు పడ్డారు. దానమ్మకు మాత్రం దిగులు లేదు. గింజ గింజే కదండీ, మర ఆడిస్తే పైతోలు పోయి తెల్లగా అవుతుంది, అన్నంలాగే వండుతానంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం కాదు ఆవిడ. కానీ ధాన్యం సంగతిలో మాత్రం ఆవిడ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు రేపల్లెలో లేరు, అదే వచ్చిన చిక్కు.

నాలుగు బస్తాలు బండి మీద వేయించుకుని బసవేశ్వరరావుగారి మరకు తోలుకెళ్ళింది. అది వడ్ల మర. అక్కడొక ఆనవాయితీ ఉంది. వడ్లు తెచ్చినవాళ్ళు బియ్యం పట్టుకుపోతారు, తవుడు మరకు వదిలేస్తారు. ఆడించిన కూలి అందులోనే చెల్లిపోతుంది. మర నడిపే నాంచారయ్య గోధుమలు చూసి, ఇది వడ్లకు పెట్టిన మర అక్కా, దీనికి వేరే మరలుంటాయంట అని నసిగాడు. నువ్వు పొయ్యి నాయనా అంది దానమ్మ. పోశాడు. ముందు గొట్టంలోంచి గింజలు తెల్లగా, కొంచెం విరిగి, చూడముచ్చటగా పడుతున్నాయి. పక్క గొట్టం కింద గోనెల్లోకి లేత గోధుమరంగు పొడి పడుతోంది. దానమ్మ కళ్ళన్నీ తెల్లగా పడుతున్నవాటి మీదే ఉన్నాయి. తెల్లగా ఉన్నది బియ్యం, పక్క గొట్టంలో పడేది తవుడు. ఇరవై ఏళ్ళుగా అంతే. లేచి రెండడుగులు వేసి చెయ్యి పెట్టి చూస్తే పోయేది. పెట్టలేదు. తవుడు మీరే ఉంచుకోండని ఆనవాయితీ ప్రకారం చెప్పి వచ్చేసింది.

నాలుగు బస్తాలు వెళ్ళి, మూడు బస్తాలకు తక్కువగా తిరిగొచ్చాయి. వండితే పొడిపొడిగా రాలేదు, గోడకు కాగితాలంటించే బంకలాగా అయింది. పిల్లలు మొహాలు చిట్లించి తిన్నారు. గంట తిరక్కుండా మళ్ళీ ఆకలన్నారు. దానమ్మ అదంతా కొత్త తిండి గొడవనుకుంది.

నాలుగో రోజు నాంచారయ్య బోర్డింగు గేటు దగ్గర కనిపించాడు. పాపం, మంచి మాట చెబుదామనే వచ్చాడు. మొన్నటి మీ తవుడు ఒక గిన్నెడు ఇంటికి పట్టుకెళ్ళానని, మా ఆవిడ ఊరికే నీళ్ళు పోసి కలిపి రొట్టె కాల్చిందని, పిల్లలు కొట్టుకుని తిన్నారని చెప్పాడు. "తవుడు అంత తియ్యగా ఉంటదని తెలీదక్కా" అన్నాడు నవ్వుతూ.

దానమ్మ నవ్వలేదు. చేతిలో గరిటె అక్కడే పెట్టి మరదాకా నడిచింది. గోనెలన్నీ అప్పటికే గేదెలున్నవాళ్ళు పట్టుకుపోయారు. గొట్టం కింద, గోడ మూల, రెండు దోసెళ్ళ పొడి మిగిలి ఉంది. వంగి చెయ్యి పెట్టింది. పిడికిలి పట్టింది. ముద్ద కాలేదు. వేళ్ళ సందుల్లోంచి మెత్తగా జారిపోయింది. ఊదితే పైన పల్చటి పొరలు లేచిపోయి, అరచేతిలో మిగిలిందంతా పిండే. వడ్లకు ముందు పొట్టు ఊడుతుంది, తరవాత తవుడు పోతుంది, చివర గింజ మిగులుతుంది. ఒకదాని తరవాత ఒకటి. గోధుమకు ఆ వరస లేదు. దాని తవుడూ దాని పిండీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, మర కొరికితే రెండూ కలిసే రాలతాయి. ఇరవై రోజుల తిండి, ఇరవై ఇద్దరు పిల్లల తిండి, ఊళ్ళో గేదెలకు పెట్టేసి వచ్చింది ఆవిడ. ఆ మూల కూర్చుని దానమ్మ ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది. ఆకలి సంగతి తరవాత, ముందు ఆ చెయ్యి తనను మోసం చేసినట్టనిపించింది. మోసం చేసింది చెయ్యి కాదని, అసలు దాన్ని అడగనేలేదని అర్థమయ్యాక ఏడుపు ఆగిపోయింది.

తిన్నగా వెళ్ళి సుందరమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. నాంచారయ్య మీద వెయ్యలేదు, మర మీద వెయ్యలేదు. వార్డెనుగారు తల పట్టుకున్నారు. శనివారం కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద రాజారత్నంగారు, రిటైరయిన హెడ్మాస్టరు. మంచి మనిషే. లెక్క తప్పని మనిషి, అంతే. కాగితం మీద ఏదో వేసి చూసి కళ్ళజోడు తీశారు. ఉన్న గింజలతో మార్చి దాకా ఇరవై రెండు నోళ్ళు నిండవు, కాబట్టి బాగా చదివే అయిదుగుర్ని ఉంచి మిగతా వాళ్ళను ఇళ్ళకు పంపుదాం, పరీక్షల ముందు వచ్చి రాసుకుంటారు అన్నారు. అయిదుగురి పేర్లు చదివారు. అందులో ప్రేమకుమారి పేరుంది. కాకుమాను ఏసమ్మ పేరు లేదు. ఏసమ్మ తరగతిలో వెనక బెంచీ, ఇంగ్లీషు అంటే చెమటలు పట్టే పిల్ల.

వంటమనిషిని కమిటీలోకి ఎవరూ పిలవరు. దానమ్మ గుమ్మం బయట నిలబడి వింటోంది. కూతురి పేరు విన్నప్పుడు గుండె తేలికపడిన మాట నిజం. ఎందుకు దాచాలి, తల్లే కదా. కానీ ఆ తరవాత మాట విని ఆవిడ గడప దాటి లోపలికి వచ్చింది.

"రెండు నెలలే కదమ్మా" అంటున్నారు రాజారత్నంగారు సుందరమ్మగారితో.

"మా అమ్మ కూడా కోతలయ్యేదాకే అందండి" అంది దానమ్మ. "ఆ కోతలు నాకింకా అవలేదండి."

రాజారత్నంగారికి కోపం రాలేదు, ఇబ్బందిపడ్డారు. బలవంతంగా ఎవరినీ మాన్పించటం లేదు, బాగా చదివేవాళ్ళను కాపాడుకుంటున్నాం, తక్కినవాళ్ళ వల్ల వాళ్ళు కూడా చెడిపోకూడదు కదా అని నెమ్మదిగా నచ్చజెప్పబోయారు.

"నేనూ అలాగే వేరు చేశానండి" అంది దానమ్మ. "తెల్లగా ఉన్నది ఉంచుకున్నాను, పక్కన పడింది తవుడనుకుని వదిలేశాను. అందులో పిండే ఎక్కువుందండి సార్‌. చెయ్యి పెట్టి చూడలేదు, అదీ నా తప్పు. మీరూ చూడకుండా పంపకండి."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ తీసి, చివరికి ఆవిడ వైపు చూసి, నువ్వేం చేస్తావు మరి అని అడిగారు. ఒక్క నెల గడువు ఇవ్వండి, ఒక్క పిల్ల ఆకలని పడుకుంటే అప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యండి అంది. అన్నదే గానీ, ఏం చేస్తుందో ఆవిడకే తెలీదు.

మర్నాడు ఆదివారం. పొద్దున పాసింజరులో తెనాలి, తెనాలిలో మారి బాపట్ల. అక్కడ తమ్ముడు యేసుదాసు ఉన్నాడు. పన్నెండేళ్ళు మిలిటరీలో వంట చేసి వచ్చి, స్టేషను బయట టీ బంకు పెట్టుకున్నాడు. పంజాబు వాళ్ళకు రొట్టెలు కాల్చిన చెయ్యి. అక్క సంచిలోంచి గోధుమలు తీసి సంగతంతా చెబితే, ఇరవై ఏళ్ళు మిల్లులో ఉండి ఇదేం పని చేశావే అని కడుపారా నవ్వాడు. ఆవిడ నవ్వనిచ్చింది. తప్పు చేసినవాళ్ళు అంతమాత్రం భరించాలి. తరవాత ఇద్దరూ తిరగలి ముందు కూర్చున్నారు.

విసిరిన పిండిని దానమ్మ అలవాటు కొద్దీ జల్లెడలో పోయబోయింది. యేసుదాసు జల్లెడ లాక్కున్నాడు.

"జల్లెడ అవతల పెట్టక్కా. తవుడు పిండిలోనే ఉండాల. తవుడుకి దప్పిక ఎక్కువ, అది నీళ్ళు తాగేదాకా నువ్వు ఓపిక పట్టాల. తొందరపడి కాల్చావనుకో, చెప్పుల అట్టే అయిపోద్ది."

వేణ్ణీళ్ళు పోసి, ఉప్పు వేసి, అరచేతి మడమతో పిసికి, తడిగుడ్డ కప్పి గంటసేపు వదిలెయ్యమన్నాడు. గంట తరవాత అదే పిండి వేరే పిండిలా ఉంది. ఒత్తితే విరగలేదు, కాలిస్తే పొంగింది. పైగా జల్లెడ పట్టినదానికంటే నాలుగు రొట్టెలు ఎక్కువొచ్చాయి, రెండు తింటే సాయంత్రం దాకా ఆకలి లేదు. పిండి కొద్దీ రొట్టె అంటారు మనవాళ్ళు. ఆ పిండిలోకి తవుడు కూడా వస్తుందని మనవాళ్ళకు తట్టలేదు, మనది బియ్యం బుర్ర.

అయినా పోయింది పోయిందే. రొట్టెలు ఎన్ని పొంగినా పన్నెండు రోజుల తిండికి ఇంకా లోటే. సోమవారం మధ్యాహ్నం వంట ముగించుకుని దానమ్మ చేట చంకన పెట్టుకుని బసవేశ్వరరావుగారి ముందు నిలబడింది. ఆయన ఆవిణ్ణి చూడగానే లేచి కూర్చుని, తవుడు మరకే చెందుతుంది దానమ్మా, నేనడగలేదు, నువ్వే ఉంచుకోమన్నావు అన్నాడు.

"అవునండి. తవుడు కోసం రాలేదండి, పని కోసం వచ్చాను. కోతలయ్యి వడ్లు వస్తన్నాయి గదా, చెరిగేవాళ్ళు కావాల. కూలి డబ్బులొద్దు, నూకలివ్వండి."

బసవేశ్వరరావు పాతకాలం మనిషే, ఆనవాయితీ తప్పడు, అలాగని పనిచేసేవాళ్ళను గుర్తుపట్టలేనివాడూ కాదు. సరేనన్నాడు. ఆ రోజు నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా, మధ్యాహ్నం వంటయ్యాక దీపాలవేళ వరకు దానమ్మ ఆ వసారాలో చెరిగింది. ఏడేళ్ళ తరవాత మళ్ళీ చేట. మొదటి వారం భుజాలు పడిపోయాయి. ఊకధూళి జుట్టులో, కనుబొమల్లో, గొంతులో. కొంగున నూకలు మూటగట్టుకుని వచ్చి రాత్రి వంటలో కలిపేది. గోధుమ రవ్వా నూకా కలిపి సంకటి చేసి, గోంగూర పచ్చడి వేసి పెడితే ఎవరూ వంక పెట్టలేదు.

వంక వచ్చింది రొట్టె దగ్గర. గోధుమరంగు రొట్టెలో తవుడు పొరలు కనిపించేసరికి పిల్లలు చేతులు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళను అనడానికి లేదు. పెద్దవాళ్ళ ఇళ్ళలో పశువులకు వేసే కుడితి కలిపి పెరిగిన పిల్లలు, తవుడెవరు తింటారో వాళ్ళకు బాగా తెలుసు. ఏం తింటారో చూసి ఒకళ్ళు తీసిపారేస్తే పడటం వాళ్ళకు చిన్నప్పటి నుంచి అలవాటు, ఆ అలవాటు వదిలించుకుందామనే చదువుకొచ్చారు. అందరికంటే ముందు కంచం నెట్టేసింది ప్రేమకుమారి.

"నువ్వు తవుడు తిని పెరిగావేమో, మేం తినం" అంది, అందరి ముందూ.

దానమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. నెట్టేసిన కంచంలో రొట్టె తీసుకుని, పిల్లల మధ్యన పీట వేసుకుని కూర్చుని, నిదానంగా నమిలి తింది. తింటూ చెప్పింది. గింజ పైన ఉన్నంతసేపూ ఇది గింజే, మనమే దీన్ని వేరుచేసి పశువుల తిండి అని పేరు పెట్టామంది. గింజలో సత్తువంతా అందులోనే ఉందని మీ సైన్సు పుస్తకంలోనే రాశారట, సుందరమ్మగారు చదివి వినిపించారు, నేనేమీ కల్పించి చెప్పటం లేదు, పుస్తకం మీ దగ్గరే ఉంది, తీసి చూసుకోండి అంది. కాకుమాను ఏసమ్మ చెయ్యి ముందుకొచ్చింది. ఆ పిల్లకు ఆకలి ఎక్కువ, బిడియం తక్కువ. ఒకటి తిని ఇంకోటి అడిగింది. ప్రేమకుమారి ఆ పూట ఏమీ తినకుండానే లేచిపోయింది. మూడో రోజుకు తింది, తల వంచుకుని, తల్లి మొహం చూడకుండా. క్షమాపణ గిమాపణ ఏమీ లేదు. పదహారేళ్ళ పిల్లలు అంత తొందరగా అడగరు.

రొట్టెకు పిండి కావాలి, పిండికి తిరగలి తిప్పాలి. ఒక్కమనిషి రెక్కలతో ఇరవై ఇద్దరికి విసరడం అయ్యే పని కాదు. అప్పుడు దానమ్మ ఒక ఎత్తు వేసింది. తెల్లవారుజామున ఇద్దరిద్దరు పిల్లలు తిరగలికి అటొకరు ఇటొకరు కూర్చోవాలి. ఒక పిల్ల పాఠంలోంచి ప్రశ్న అడగాలి, రెండో పిల్ల జవాబు చెప్పాలి, జవాబు తప్పయితే గింజలు పోసే పని తప్పు చెప్పినవాళ్ళది. పూర్వం తిరగలి దగ్గర పాటలు పాడేవాళ్ళు. రేపల్లె బోర్డింగులో పానిపట్టు యుద్ధాలు వినిపించాయి. ఏసమ్మకు పుస్తకం చూస్తే నిద్రొచ్చేది గాని, తిరగలి తిరుగుతుంటే మాట బాగా పట్టుబడింది. చేతులు కదులుతుంటేనే బుర్ర కదిలే మనుషులుంటారు, ఆ సంగతి హెడ్మాస్టర్లకు తెలియక వాళ్ళను వెనక బెంచీలో కూర్చోబెడతారు. పక్కన పిండి పిసుకుతూ వింటూ దానమ్మ కూడా మూడు పానిపట్టు యుద్ధాల తేదీలు నేర్చేసుకుంది.

నెల తిరిగాక రాజారత్నంగారు చెప్పకుండా వచ్చారు. తెల్లారుతూండగానే వచ్చి, వంటింటి బయట అరుగు మీద కూర్చుని చాలాసేపు విన్నారు. తరవాత ఒక రొట్టె పెట్టమ్మా అని అడిగి తిన్నారు. అయిదు పేర్లున్న కాగితం గురించి ఆయనా ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం ఆగి, పొద్దున్నే తిరగలి దగ్గర దీపం చాలటం లేదు, ఒక లాంతరు పంపిస్తానన్నారు. సాయంత్రానికి లాంతరు వచ్చింది.

మార్చిలో ఇరవై ఇద్దరూ పరీక్ష రాశారు. ఒక్క పిల్ల కూడా మినుము తీతకు పోలేదు. జూనులో పేపరు వచ్చింది. పందొమ్మిది మంది పాసు. కాకుమాను ఏసమ్మ సెకండు క్లాసులో పాసయింది. తప్పిన ముగ్గురిలో ప్రేమకుమారి ఒకతె. లెక్కల్లో పోయింది.

లోకం మాటలు మీకు తెలుసు. ఊరి పిల్లలకు వండిపెట్టి సొంత పిల్లను గాలికొదిలేసిందన్నారు. అయిదుగురినే ఉంచినట్టయితే ప్రేమ పాసయ్యేదేమో కదా అని ఒకావిడ దానమ్మ మొహం మీదే అంది. దానమ్మకు కష్టం కలిగింది, చాలా కలిగింది. రెండు రోజులు వంటింట్లోంచి బయటికి రాలేదు. మూడో రోజు ప్రేమకుమారి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, ఇంక చదవనమ్మా, నేను కూడా నీతోపాటు మరకు వస్తాను అంది.

"రా" అంది దానమ్మ. "ముందు తిరగలి దగ్గరికి రా. సెప్టెంబర్లో మళ్ళీ పెడతారంట."

ఆ మూడు నెలలు తిరగలికి అటువైపు దానమ్మే కూర్చుంది. లెక్కలు ఆవిడకేం వస్తాయి. పన్నెండో ఎక్కం సగందాకా వచ్చు. పుస్తకంలో ప్రశ్న అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది, జవాబు వెనక పేజీలో సరిచూసేది. మిగతా సగం ఎక్కం కూతురే నేర్పింది. ఒకరోజు పొద్దున పన్నెండు పన్నెండ్లు నూటనలభై నాలుగు అని దానమ్మ తడుముకోకుండా చెప్పేసరికి, ప్రేమకుమారి తిరగలి ఆపి తల్లి చెయ్యి పట్టుకుంది. కంచం నెట్టిన వేళ అడగవలసిన క్షమాపణ అప్పుడడిగింది. ఏమని అడిగిందో నాకు తెలీదు, దానమ్మ ఎవరికీ చెప్పలేదు. సెప్టెంబరులో లెక్కలు పాసయింది. తరవాత రెండేళ్ళు టీచరు ట్రైనింగు, డెబ్భై ఒకటిలో తెనాలిలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం.

ఉద్యోగమొచ్చిన ఏడాదే, వానాకాలంలో, దానమ్మ కూతుర్ని చూడ్డానికి తెనాలి వచ్చింది. అప్పటికి బజార్లో కరెంటు పిండిమరలు వచ్చేశాయి. సంచిలో గోధుమలు పోయించుకుని గొట్టం ముందు నిలబడింది. తవుడు జల్లించి వేరే కట్టమంటారా అని మరవాడు అడిగాడు. వద్దు నాయనా, ఉన్నదున్నట్టు కట్టు అంది. గొట్టంలోంచి పిండి పడుతుంటే చెయ్యి కింద పెట్టి చూసుకుంది. వేడిగా, మెత్తగా, మధ్యలో చిన్న చిన్న పొరలు తగులుతూ జారింది. అప్పటినుంచి ఆవిడ ఏ గోనె దగ్గరా ఆ పని మానలేదు.

పిండి సంచితో బడికి వెళ్ళి, తరగతి అయ్యేదాకా వరండాలో కూర్చుంది. లోపల ప్రేమకుమారి గొంతు వినిపిస్తోంది. ఇంతలో తడిసిన చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని ఒకావిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కాళ్ళకు బురద ఇంకా ఆరలేదు. మూడో వరసలో కూర్చున్న తన కూతుర్ని రమ్మని సైగ చేసింది. ప్రేమకుమారి బయటికొచ్చి ఏంటమ్మా అని అడిగింది.

"నాట్లు టీచరమ్మా. మనుషులు దొరకటం లేదు. ఈ నాట్లయ్యేదాకానే, తరవాత మళ్ళీ పంపుతా."

దానమ్మ లేవబోయింది. ఏం చెప్పాలో నాలుక చివర ఉంది, నాలుగేళ్ళ కిందట కమిటీ ముందు చెప్పిన మాటే. ఈలోగా కూతురు ఆ తల్లి తడిచేతులు తన చేతుల్లోకి తీసుకుని వరండా అరుగు మీద కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుంది.

"ఇదిగోండి, ఈవిడ మా అమ్మ" అంది ప్రేమకుమారి. "నాలుగో తరగతిలో వాళ్ళమ్మ కోతలయ్యేదాకానే అని తీసుకుపోయింది. ముప్పై ఏడేళ్ళయింది. పిల్లనిక్కడే ఉంచండి పిన్నీ. సాయంత్రం నేనొచ్చి మీతో ఒక మడి నాటుతాను, నాకు వచ్చు."

ఆ తల్లి దానమ్మ కేసి చూసింది. ఊకధూళి ఎప్పటికీ పోని ఆ వేళ్ళ కేసి చూసింది. మీరెందుకు లెండి టీచరమ్మా మాకు నాటటం అని గొణిగి, కూతుర్ని లోపలికి పొమ్మని తల ఊపి, బురదకాళ్ళతో వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పిల్ల వెళ్ళి మూడో వరసలో కూర్చుని పలక తీసుకుంది.

దానమ్మ పిండి సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. లోపల పిల్లలు పన్నెండో ఎక్కం మొదలుపెట్టారు. ఆవిడ పెదవులు కూడా కదిలాయి, సగం దగ్గర ఆగలేదు. ఆ రోజుకు దానమ్మకు కోతలయ్యాయి.